ఎరుపు వెలిసిన కయ్యలు

పెన్నా సముద్రంలో కలిసే తావును ఫిబ్రవరి నెలలో తీసిన ఉపగ్రహ చిత్రంలో చూడాలి. అదీ ఫాల్స్ కలర్ అనే రంగుల కూర్పులో చూడాలి. నెల్లూరు ఊరు దాటి తూర్పుకు తిరిగితే చాలు, తెరంతా ఎరుపు. ఒకచోట కుంకుమ, ఒకచోట మందారం, కాలవకు దగ్గరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడే ముదురు ఎరుపు. ఇందుకూరుపేట, విడవలూరు, కొడవలూరు, అల్లూరు. ఊళ్ళ పేర్లు ఎరగనివాళ్ళకైనా ఇది నీళ్ళు తాగిన నేల అని, పైరు పొట్టకొచ్చే కాలమని తెలిసిపోతుంది. ఆ ఎరుపును రెండుగా చీలుస్తూ పెన్నా ఇసుక వెడల్పుగా, తెల్లగా సాగి ఊటుకూరు దగ్గర ముదురు నీలంలో కలుస్తుంది. ఒడ్డున సరుగుడు తోటలు మట్టిరంగు కలిసిన ఎరుపులో బారులు తీరి ఉంటాయి. వాటిని దాటాక ఒక సన్నని తెల్లగీత. అక్కడితో నేల ముగుస్తుంది.

వరిని ఎర్రగా చూపడం వింతగా అనిపించవచ్చు. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆకు తన వంటకు ఎర్రకాంతిని, నీలికాంతిని మింగేసి ఆకుపచ్చలో కొంచెం మనకు వదిలిపెడుతుంది. ఆ కొంచాన్నే మనం పచ్చదనం అంటాం. కాని ఆకు లోపలి కణాల పొరలు తమకు అక్కర్లేని సమీప పరారుణ కాంతిని దాదాపు సగందాకా ఆకాశంలోకి తిప్పికొడతాయి. ఆ కాంతి మన కంటికి అందదు. అందితే పచ్చని చేను చూడలేనంత కాంతితో వెలిగేది. ఉపగ్రహ కెమెరా ఆ కనబడని కాంతిని పట్టుకుంటుంది. మనకు చూపడానికి దానికొక రంగు కావాలి కనుక ఎరుపునిచ్చారు. అసలైన ఎరుపు ఒక మెట్టు దిగి ఆకుపచ్చగా, ఆకుపచ్చ ఇంకో మెట్టు దిగి నీలంగా కనిపిస్తాయి. రంగులన్నీ ఒక్కో స్థానం జరిగి, మన చూపు ఆగిపోయే చోట మొదలయ్యే ఒక వెలుగుకు చోటిచ్చాయి. ఈ ఏర్పాటు నాకు ఎన్నిసార్లు చూసినా గొప్పగానే ఉంటుంది.

ఈ చిత్రాన్ని నేను పైరు కోసం చూడడం లేదు. ఉప్పు కోసం చూస్తున్నాను. నెల్లూరు తీరాన చౌడు ఎక్కడుంది, ఎంత పాకింది, ఎక్కడ వెనక్కి తగ్గింది అని తెలుసుకోవడానికి ఇలాంటి చిత్రాలను ఏడాది తర్వాత ఏడాది పేర్చి చూస్తారు. తమాషా ఏమంటే, ఆ చిత్రంలో ఉప్పు దాదాపు ఎక్కడా కనబడదు. ఉప్పు అనే పదార్థానికి కంటి కాంతిలో గాని, దాని పక్కనున్న పరారుణంలో గాని తనదైన గుర్తు లేదు. ఇనుమున్న మట్టికి ఒక ముద్ర ఉంటుంది, జిప్సానికి ఒక ముద్ర ఉంటుంది. వట్టి వంటఉప్పుకు మాత్రం తన స్ఫటికంలో చిక్కుకున్న నీటిబొట్టు ముద్రే తప్ప సొంతముద్ర లేదు. అలాంటి దాన్ని ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తునుంచి కనిపెట్టాలి. కనిపెడుతున్నారు కూడా. ఎలా అంటే, రసికుడు కావ్యంలో చెప్పని అర్థాన్ని కనిపెట్టినట్టే.

కావ్యానికి ఆత్మ ధ్వని అని తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు నిలబెట్టాడు. మాట చెప్పేది ఒకటి, ఆ మాట వెనక మోగేది ఒకటి. ఆ మోగేదే కావ్యం. ఇదే పెన్న ఒడ్డున ఉండి పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసిన తిక్కన, పాత్రల మనసులోని దాన్ని చూపులో, నడకలో, సగంలో ఆగిన మాటలో తెలిపినవాడు. తిక్కన ఉన్న నెల్లూరుకు తూర్పున పరుచుకున్న ఈ చిత్రానికి కూడా అదే గుణం ఉందని నా నమ్మకం. ఇందులో పైకి చెప్పే వాచ్యం పైరు. వెనక మోగే వ్యంగ్యం ఉప్పు.

ముందు వాచ్యంగా కనబడే తెలుపును చూద్దాం, ఎందుకంటే కొత్తగా చూసేవాళ్ళు మోసపోయేది అక్కడే. ఇస్కపల్లి దగ్గర ఉప్పుమడులు ఉన్నాయి. ఎండాకాలపు చిత్రంలో వాటి అందం వేరు. కొలిచి గీసినట్టుండే చదరాలు. ఒక్కో చదరంలో నీళ్ళు ఒక్కో చిక్కదనంలో ఉంటాయి కనుక ముదురు నీలం, లేతనీలం, బూడిదరంగు, చివరికి పాలతెలుపు. సముద్రపు నీరు ఉప్పుగా గట్టిపడే ప్రయాణమంతా ఆ నాలుగు చదరాల్లో ఒకేసారి కనిపిస్తుంది. అది మనిషి పిలిచి కూర్చోబెట్టిన ఉప్పు. కుదురుగా ఉంటుంది.

బాగా దక్షిణానికి, చిల్లకూరు, కోట మండలాల వైపు వెళితే ఇంకా మెరిసే తెలుపు. కళ్ళు చెదిరే తెలుపు. అది ఉప్పు కాదు, సిలికా ఇసుక. గాజు పరిశ్రమలకు లారీల్లో పోయేది అదే. అక్కడినుంచి కిందికి, పులికాట్ సరస్సు ఉత్తర భాగం మే నెలలో ఎండిపోయినప్పుడు ఒక తెలుపు తేలుతుంది. అంచుల్లో చెదిరి, నీలంలోకి తెలియకుండా జారిపోయే మెత్తని తెలుపు. అది ఉప్పే. మైపాడు దగ్గర తీరపు దిబ్బలు, పెన్నాలో ఎండిన ఇసుకమేట, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు, రొయ్యల గుంటకు పరిచిన ప్లాస్టిక్ పట్టా. అన్నీ తెలుపే. ఉపగ్రహానికి ఉప్పు, ఇసుక రెండూ ఒకటిగా కనబడతాయని కొందరు పెదవి విరుస్తారు. వాళ్ళు ఒక్క కాంతిలో చూసి ఆగిపోయినవాళ్ళు.

ఎందుకంటే ఇంకో కాంతి ఉంది. సమీప పరారుణం దాటి, తరంగం మరింత పొడవయ్యే చోట షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ అనే పట్టీ ఉంది. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరాకు ఉన్న నాలుగు పట్టీల్లో నాలుగోది అదే. ఆ కాంతిని నీరు తాగేస్తుంది. ఎండిన సిలికా ఇసుక అక్కడ కూడా ధగధగలాడుతూనే ఉంటుంది. చౌడు మాత్రం నల్లబడుతుంది. ఉప్పుకు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది కాబట్టి, పైన ఎంత తెల్లగా పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మ షార్ట్‌వేవ్‌లో దాగదు. రెండు తెలుపులు ఇలా ఒక్క పట్టీ మార్చగానే విడిపోతాయి. ఒకటి వెలుగుతుంది, ఒకటి ఆరిపోతుంది. సిలికా దిబ్బల పక్కనే ఉన్న ఉప్పు పల్లం ఆ క్షణంలో తెరమీద నల్లగా దిగబడిపోవడం చూస్తే గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. ఏళ్ళ తరబడి మనమధ్య ఉన్న మనిషి అసలు స్వభావం ఒక్క మాటతో బయటపడినట్టుంటుంది.

అయితే ఇదంతా వాచ్యం. తెల్లగా పేరిన ఉప్పు రైతును అంతగా బాధించదు, ఎందుకంటే అక్కడ అతను ఎప్పుడో సాగు మానేశాడు. ఆ నేలను సర్కారు తుమ్మ ఆక్రమించి ఉంటుంది. రైతును తినేసే ఉప్పు కంటికి కనబడని ఉప్పు. మట్టిని నీళ్ళతో తడిపి, ఆ నీటిని పిండి, అందులో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలుస్తారు. దీన్నే భూసార పరీక్షల వాళ్ళు ఈసీ అంటారు. ఆ కొలత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే ఆ నేలను ఉప్పునేల అంటారు. వరికి మాత్రం అంతదాకా ఓపిక లేదు. 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గుతుంది, ఆపైన పెరిగే ప్రతి డెసీసీమెన్స్‌కూ సుమారు 12 శాతం చొప్పున కోల్పోతుంది. సముద్రపు నీటి ఈసీ 50 దగ్గర ఉంటుంది. అంటే సముద్రంలో ఏడో వంతు కూడా అక్కర్లేదు. ఆరో ఏడో మట్టిలో ఉంటే మూడో వంతునుంచి దాదాపు సగందాకా పంట పోతుంది. అప్పుడు నేల తెల్లబడదు, పేరిన ఉప్పు కనబడదు. గట్టుమీద నిలబడి చూసినా చేను పచ్చగానే ఉంటుంది. కొంచెం పొట్టిగా, కొంచెం పలచగా, ఆకుల కొనలు కొంచెం మాడి. అంతే.

ఉపగ్రహ చిత్రం తన విద్యనంతా చూపేది ఈ కొంచెం దగ్గరే.

డిసెంబరులో నాట్లు పడి, జనవరిలో పిలకలు వేసి, ఫిబ్రవరిలో పైరు కమ్ముకునే క్రమాన్ని వరసగా పేర్చి చూడండి. కాలవ ఎగువనున్న కయ్య ముందు నీటి నలుపులో ఉంటుంది, తర్వాత లేతగులాబీ, తర్వాత ఎరుపు, తర్వాత చిక్కని ఎరుపు. మార్చిలో పంట పండేకొద్దీ ఆ ఎరుపు గోధుమలోకి దిగుతుంది. ఉప్పు తగిలిన కయ్య కూడా అదే దారిన నడుస్తుంది, కాని ప్రతి మెట్టు దగ్గరా ఒక అడుగు వెనకబడుతుంది. అందరూ గులాబీలో ఉన్నప్పుడు అది ఇంకా నలుపులో ఉంటుంది. అందరూ కుంకుమలో ఉన్నప్పుడు అది వెలిసిన గులాబీ దగ్గర ఆగిపోతుంది. ఇంకా ముందే గోధుమలోకి వాలిపోతుంది. ఆలస్యంగా పుట్టి, అర్ధాంతరంగా ఆగి, తొందరగా పండిపోయిన ఆ ఒక్క కయ్య చుట్టూ నిండు ఎరుపు. ఏ ఒక్క చిత్రంలోనూ దాని కథ లేదు. చిత్రానికీ చిత్రానికీ నడుమ ఉంది.

ఎరుపు తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి కదా అని విమర్శకుడు అడగాలి, అడుగుతాడు కూడా. యూరియా తగ్గినా ఎరుపు తగ్గుతుంది. దోమపోటు తగిలినా తగ్గుతుంది. కాలవ చివరి ఆయకట్టుకు నీళ్ళు చేరకపోయినా తగ్గుతుంది. వీటి నడుమ ఉప్పును ఎలా పోల్చుకోవాలి? పునరుక్తిని బట్టి. తెగులు ఈ ఏడాది ఈ చేలో ఉంటే వచ్చే ఏడాది ఇంకో చేలో ఉంటుంది. ఎరువు లోపం రైతు మారితే మారుతుంది, గట్టు దగ్గర తెగిపోతుంది. ఉప్పుకు గట్లు తెలియవు. అది గెనిమలను దాటి, సర్వే నంబర్లను దాటి, పల్లాన్ని బట్టి, పాత ఏటి జాడను బట్టి పాకుతుంది. పైగా ప్రతి ఏడాదీ అదే చోటికి వస్తుంది. ఐదేళ్ళ చిత్రాలను ఒకదానిమీద ఒకటి వేసి, మంచి ఏడాదిలోనూ చెడ్డ ఏడాదిలోనూ ఎప్పుడూ వెలిసే ఉన్న పిక్సెళ్ళను వేరుచేస్తే, ఎంతో కాలం కిందటే పూడిపోయిన ఉప్పుటేటి వంపు చేల నడుమ తేలుతుంది. చదరంగా కోసిన మనుషుల కయ్యలమీద నది గీసిన గీత అది. నాకు ఈ మొత్తం విద్యలో అన్నిటికన్నా ప్రియమైన దృశ్యం అదే.

ఇంకా సున్నితమైన సాక్ష్యాలున్నాయి. ఆకు ఎర్రకాంతిని మింగడం ఆపి పరారుణాన్ని వెదజల్లడం మొదలుపెట్టే ఇరుకైన అంచు ఒకటి ఉంది. దాన్ని రెడ్ ఎడ్జ్ అంటారు. ఆరోగ్యం తగ్గిన ఆకులో ఆ అంచు కొద్దిగా నీలం వైపు జరుగుతుంది. 2015లో మొదటిది ఎగిరిన ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాల్లో ఈ అంచుకోసమే మూడు పట్టీలు పెట్టారు. వేడి కూడా మాట్లాడుతుంది. ఉప్పునీటిని పీల్చుకోలేక దాహపడిన మొక్క ఆకు రంధ్రాలను మూసుకుంటుంది. చెమట ఆగిపోతే ఒళ్ళు వేడెక్కుతుంది. ఒకే కాలవ, ఒకే నాటు, ఒకే ఉదయం, అయినా ఉప్పు కయ్య పక్క కయ్యకన్నా కాస్త వెచ్చగా ఉంటుంది. ల్యాండ్‌శాట్ ఉష్ణ చిత్రాల్లో మచ్చ తగినంత పెద్దదైతే ఆ తేడా పడుతుంది. నీళ్ళలో నిలబడి ఉండి కూడా దాహంతో వేడెక్కిన పైరు. కరుణ రసానికి ఇంతకన్నా మంచి ఆలంబనం నాకు తెలియదు.

ఈ ఉప్పు ఎక్కడినుంచి వస్తుందో కూడా చిత్రమే చెబుతుంది, చదవగలిగితే. తీరానికి సమాంతరంగా బకింగ్‌హామ్ కాలవ సన్నగా, తిన్నగా సాగుతుంది. 19వ శతాబ్దంలో పడవల కోసం తవ్విన కాలవ. ఏటిపాయల దగ్గర పోటు తగిలి దానిలోకి ఉప్పునీళ్ళు వస్తాయి. కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయ చేతివేళ్ళలా విడిపోయి నేలలోకి చొరబడి ఉంటుంది. ఆ వేళ్ళ కొనలు ముట్టుకున్న చోటల్లా ఎరుపు పలచబడుతుంది. ఇది పక్కనుంచి వచ్చే ఉప్పు. కిందనుంచి వచ్చేది వేరు. భూమిలో ఉప్పునీరు పైకి దగ్గరగా ఉన్నప్పుడు ఎండ నేలను ఆరబెడుతూ ఉంటే, సన్నని మట్టిరంధ్రాల గుండా నీరు పైకెక్కుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైన మిగిలిపోతుంది. మంచినీళ్ళు పైనుంచి కిందికి నిండుగా దిగుతూ ఉంటే ఈ ఉప్పు మళ్ళీ కిందికి పోతుంది. అందుకే పెన్నామీది సోమశిల జలాశయంలో నీళ్ళున్న ఏడాది, సంగం దగ్గరా నెల్లూరు దగ్గరా కాలవలకు చాలినంత వదిలిన ఏడాది, ఈశాన్య రుతుపవనం చక్కగా కురిసిన ఏడాది డెల్టా చివర దాకా ఎరుపు సాగుతుంది. నీళ్ళు కరువైన ఏడాది ఎరుపు తీరంనుంచి వెనక్కి, నెల్లూరు వైపుకు ముడుచుకుంటుంది. కాలవ చివరనున్న రైతుకు అందే నీళ్ళు పైరుకు ఎంత అవసరమో, ఉప్పును కిందికి తొక్కిపెట్టడానికీ అంతే అవసరం. రెండో పంటగా వేసే ఎడగారు నాటుకు నీళ్ళిస్తారా లేదా అన్న ప్రశ్నలో ఈ రెండో సంగతి కూడా ఉంది. సాగునీటి సమావేశాల్లో దాని ప్రస్తావన ఇంకా గట్టిగా రావాలి.

రొయ్యల గుంటల గురించి చెప్పకుండా ఈ తీరపు చిత్రం పూర్తికాదు. 1988లో మన ఐఆర్ఎస్ వరసలో మొదటిదైన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం పైకి వెళ్ళింది. ల్యాండ్‌శాట్ అంతకు ముందు 1972 నుంచే చూస్తోంది. ఆ పాత చిత్రాలనుంచి 1990ల చివరికి వస్తూ ఉంటే, కండలేరు పాయ చుట్టూ ముందు అక్కడొకటి ఇక్కడొకటి, తర్వాత గుంపులుగా, తర్వాత వరసలుగా నల్లని నీలపు చదరాలు పుట్టుకొస్తాయి. రూపంగా చూస్తే అవి కూడా అందమైనవే. ఎండ తగిలినప్పుడు వందల అద్దాలు పరిచినట్టు మెరుస్తాయి. కాని ఆ చదరాల అంచుల వెంట, పక్క చేల ఎరుపులో ఒక పాలిపోయిన చార కనబడుతుంది. గుంటలోని ఉప్పునీరు గట్టు కిందనుంచి ఊరిన జాడ అది. 90ల నడుమ తెల్లమచ్చ తెగులు రొయ్యను ఊడ్చేశాక కొన్ని గుంటలు వట్టిపోయాయి. అక్కడ నీలం పోయి తెలుపు వచ్చింది, ఎరుపు తిరిగి రాలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వ్యవసాయ భూములను, ఉప్పుమడులను, మడ అడవులను రొయ్యల గుంటలుగా మార్చవద్దని చెప్పింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. తర్వాత వనామీ రొయ్య వచ్చి, లోపలి ఊళ్ళకూ పాకి, ఎన్నో కుటుంబాలకు ఇదే జీవనాధారమైంది. గుంట వేసుకున్నవాడిని దోషిగా నిలబెట్టడానికి నేనీ చిత్రాన్ని చూడను. పక్క కయ్యవాడి నష్టం కూడా ఇందులో అంతే స్పష్టంగా నమోదైందన్నది నాకు ముఖ్యం. నోటిమాటగా ఏళ్ళ తరబడి నడిచిన తగాదాకు తేదీలతో సహా సాక్ష్యం పైన ఉంది.

ఇంత బాధను రంగులుగా చూసి ఆనందించవచ్చా అని ఎవరైనా అడిగితే నా జవాబు, కరుణ రసాన్ని నవరసాల్లో చేర్చినప్పుడే మనవాళ్ళు ఆ ప్రశ్నకు తలుపు తీశారని. ఆనందం ఇక్కడ వినోదం కాదు. బాగా చూడగలగడంలో ఉన్న ఆనందం. వెలిసిన గులాబీని కుంకుమనుంచి విడదీసి చూడలేనివాడికి ఆ కయ్యలో ఏం జరుగుతోందో అర్థం కాదు. ఇక్కడ రసజ్ఞతా, జాలీ ఒకే పని చేస్తున్నాయి.

ఈ చూపును నేర్పినవాళ్ళను తలచుకోవాలి. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థలో ఎల్. వెంకటరత్నం వంటివారు 1980లలోనే వేర్వేరు తేదీల ల్యాండ్‌శాట్ చిత్రాలతో గంగా సింధు మైదానాల చౌడును గమనించారు. ఆ తర్వాత కర్నాల్‌లోని కేంద్రీయ లవణ మృత్తికా పరిశోధన సంస్థ, జాతీయ నేలల సర్వే సంస్థ కూడా కలిసి 1:2,50,000 స్కేలులో దేశమంతటి ఉప్పునేలల పటాలు తయారు చేశాయి. దేశం మొత్తంమీద 67 లక్షల హెక్టార్లకు పైగా, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2 లక్షల 74 వేల హెక్టార్లు ఉప్పో చౌడో తగిలిన నేలగా తేలింది. ఆ పటాలు ఎక్కువగా మనిషి కంటితో, చేతితో గీసినవి. కాగితంమీద అచ్చయిన చిత్రాన్ని ముందు పెట్టుకుని, రంగును, నేతను, చుట్టుపక్కలను చూసి, ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని గీత గీయడం. ఆ స్కేలులో కాగితంమీద సెంటీమీటరు నేలమీద రెండున్నర కిలోమీటర్లు. పెన్సిలు ములుకు మందమే ఒక ఊరి పొలిమేరను మింగేస్తుంది. అంత మొరటు కొలతలో అంత నిజాయితీగా గీత గీయడానికి ఎంత సాధన కావాలో. ఇవాళ కంప్యూటర్లు పిక్సెల్ పిక్సెల్‌కీ తీర్పు చెబుతున్నాయి. వేగం పెరిగింది. ఆ పాత గీతల్లో కనబడే తటపటాయింపు మాత్రం నాకు వీటిలో దొరకదు, అది దొరకాలనే నా కోరిక. నేల ఉప్పుగా మారడం గీతతో జరగదు, మెల్లగా జరుగుతుంది.

కొలత సంగతి వచ్చింది కనుక మన లెక్కలో చెబుతాను. సెంటినెల్-2 అతి చిన్న పిక్సెల్ పది మీటర్ల చదరం. నెల్లూరు అంకణాల్లో సుమారు పదిహేను. లిస్-3 పిక్సెల్ అయితే ఎనభై అంకణాలు దాటుతుంది, అంటే పద్నాలుగు సెంట్లకు దగ్గర. చౌడు మచ్చలు చాలాసార్లు ఇంతకన్నా చిన్నవి. ఒకే కయ్యలో ఈ మూల చౌడు, ఆ మూల మంచి నేల. పిక్సెల్ ఆ రెంటినీ కలిపి ఒకే రంగుగా అప్పజెబుతుంది. అందుకే ఎవరో ఒకరు ఆ చేలోకి దిగి, మట్టి తీసి, సంచీలో కట్టి, ఈసీ కొలిచి తీరాలి. ఉపగ్రహం ఎన్నిసార్లు తిరిగినా ఆ పిడికెడు మట్టి లేనిదే దాని రంగులకు అర్థం స్థిరపడదు. శ్రుతి లేని రాగంగా ఉండిపోతుంది.

ఇసుక దిబ్బల్లో ఒక చోట ఆగాలి. తీరం వెంబడి తెల్లని ఇసుకలో చిన్న చిన్న ఎర్రచుక్కలు కనబడతాయి. దొరువుల కింద సాగయ్యే కూరగాయల మడులు, నారుమళ్ళు, సరుగుడు మొక్కల పెంపకాలు. వాన ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిమీద తేలికైన మంచినీటి పొరగా నిలుస్తుంది. సముద్రమట్టం పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిస్తే, కింద సుమారు నలభై మీటర్ల లోతుదాకా ఉప్పునీటిని నెట్టి ఉంచగలదని గైబెన్, హెర్జ్‌బర్గ్ లెక్కగట్టారు. మోటారు పెట్టి ఒక్క చోట గట్టిగా లాగితే కిందనున్న ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది. దొరువు అలా కాదు, ఇసుకలో లోతులేని గుంట తవ్వి, ఊరినంతే చేదుకుంటారు. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్ళు ఈ పాత తెలివినే తీసుకుని, ఇసుకలో నలుదిక్కులా రంధ్రాల గొట్టాలు పరిచి పైపొర నీటిని మాత్రమే సేకరించే మెరుగైన దొరువులు తయారు చేశారు. చిత్రంలో మాత్రం అదంతా ఒక ఎర్రచుక్క. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుటేరు, కింద ఉప్పునీరు, చుట్టూ తెలుపు, మధ్యలో ఆ చుక్క నిండుగా మండుతూ ఉంటుంది. డెల్టా అంతా పరిచిన ఎరుపుకన్నా దాని కాంతి నాకు ఎక్కువ.

ఈ చిత్రాలు తీసే కళ్ళలో కొన్నిటిని పంపింది కూడా ఈ ఉప్పుగడ్డ మీదినుంచే. శ్రీహరికోట 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. సూళ్ళూరుపేటనుంచి అక్కడి షార్ రాకెట్ ప్రయోగ కేంద్రానికి వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. వేసవిలో రెండు వైపులా ఎండిన బురదమీద ఉప్పు పొరలు మెరుస్తాయి. 2003లో రిసోర్స్‌శాట్-1, 2011లో రిసోర్స్‌శాట్-2, 2016 డిసెంబరు 7న రిసోర్స్‌శాట్-2ఏ ఆ ద్వీపంనుంచే లేచాయి. అవి భూమి చుట్టూ తిరిగి వచ్చి తాము లేచిన నేలమీది తెలుపును కూడా పట్టీలుగా విడగొట్టి కొలుస్తూ వచ్చాయి.

2025 జూలై 30న అక్కడినుంచే నైసార్ వెళ్ళింది. అమెరికా వాళ్ళ ఎల్-బ్యాండ్ రాడార్, మన ఎస్-బ్యాండ్ రాడార్, రెంటికీ కలిపి 12 మీటర్ల వలగొడుగు. 12 రోజులకోసారి ఒకే కక్ష్యాపథంలో మళ్ళీ వస్తుంది. దాని చిత్రాలు అందరికీ ఉచితం. ఇది సూర్యుడిమీద ఆధారపడదు, తన కిరణాన్ని తానే పంపి ప్రతిధ్వనిని వింటుంది. నెల్లూరు తీరానికి ఇది ఎందుకు ముఖ్యమంటే, మన వానల్లో ఎక్కువ భాగం అక్టోబరునుంచి డిసెంబరు దాకా. ఉప్పు నేలలోకి దిగేదీ, నాటు పడేదీ అప్పుడే. కాంతితో చూసే కెమెరాలకు ఆ మూడు నెలలూ తరచు మేఘాలే కనిపిస్తాయి. రాడార్ మేఘాన్ని దాటుతుంది. ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్ల పొడవు కనుక పైరును కూడా చాలావరకు దాటి నేలను తాకుతుంది. తడి నేల తరంగాన్ని ఒక తీరుగా తిప్పిపంపుతుంది. ఆ తడిలో ఉప్పు కరిగి ఉంటే తరంగం తిరిగివచ్చే తీరు ఇంకొంచెం మారుతుంది. తడి ఎంత, ఉప్పు ఎంత అని ఆ రెంటినీ విడదీయడం కష్టమైన పనే. దాని చిత్రంలో ఎరుపు ఉండదు, గులాబీ ఉండదు. నలుపునుంచి తెలుపుదాకా గరుకైన బూడిద ఛాయలు, వాటినిండా మినుకుమనే చుక్కలు. కుంకుమకు అలవాటుపడిన కళ్ళతో ఆ బూడిదలో ఛాయాభేదాలు వెతకడం నేనిప్పుడే మొదలుపెట్టాను. అల్లూరు, విడవలూరు కయ్యలలో ఫిబ్రవరిలో వెలిసిపోయే చోట్లు నవంబరు వానల్లోనే, నాటుకు ముందే, ఆ బూడిదలో తేడాగా వినబడతాయా అన్నదే నేను వాటిని అడుగుతున్న ప్రశ్న. వినబడితే, ఏ కయ్యకు ముందు నీళ్ళు వదలాలో నాట్లకు ముందే రైతుకు చెప్పవచ్చు.